గడప దాటి లోపలికి రావాలి

(మార్చి 10, సావిత్రిబాయి ఫూలే వర్ధంతి సందర్భంగా పల్నాడులోని ఒక దళితవాడలో జరిగిన స్త్రీల సమావేశంలో, ఆ వాడకే చెందిన ఒక ఆశా కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం. ఆమె మాట్లాడిన తీరును వీలైనంత వరకు అట్లాగే ఉంచాం.)



నాకు ఉపన్యాసం చెప్పడం రాదు. నాకు వచ్చిందల్లా బాలింత ఇంటికి పోయి మంచం పక్కన కూర్చోవడం. దాని గురించే నాలుగు మాటలు చెప్తాను.

ఇయ్యాల సావిత్రిబాయి పోయిన రోజు. ఆమె ఆడపిల్లలకు బడి పెట్టిందని అందరం చెప్పుకుంటాం. ఆ తల్లి చేసిన పనులు ఇంకో రెండు ఉన్నాయి. 1863లో ఫూలే దంపతులు పూణేలో విధవలకు పురుడు పోసుకునే చోటు ఏర్పాటు చేశారు. లోకానికి జడిసి బిడ్డను చంపుకోకుండా, చాటుగా వచ్చి కని పొమ్మన్నారు. మళ్లీ 1897లో ప్లేగు వచ్చినప్పుడు, ముంఢ్వా దగ్గర మహర్ పిల్లవాడికి జబ్బు తగిలిందని తెలిసి తానే పోయి, వాణ్ణి వీపున వేసుకుని దవాఖానాకు మోసుకొచ్చింది. ఆ ప్లేగే ఆమెకూ తగిలి మార్చి 10న చనిపోయింది. అంటే ఏంది? వాడలోకి పోవడం, బిడ్డను ఒంటికి ఆనించుకుని మోయడం. మన పనికి పెద్దదిక్కు ఆమే.

ఇక నా సంగతి. 1997లో నాకు మొదటి కాన్పు అయ్యింది. పద్దెనిమిదేళ్లు. ఇంట్లోనే పురుడు పోశారు. మగపిల్లవాడు. మొదట వచ్చే ముర్రుపాలు పసుపుపచ్చగా, జిగటగా ఉంటాయి గదా, అవి చెడ్డపాలని మా అత్త పిండి గోడమీద పోయించింది. చక్కెర నీళ్లు గుడ్డలో ముంచి చప్పరించమని పెట్టారు. గాడిద పాలు అమ్మేవాడు వస్తే ఒక ఉగ్గుగిన్నెడు కొని పోశారు. మూడోరోజు నుంచి నా రొమ్ములు రాయిలాగా గట్టిపడ్డాయి, జ్వరం. బిడ్డ పట్టుకోలేకపోయాడు. పాలు పడలేదనుకుని గేదెపాలల్లో నీళ్లు కలిపి పోశారు. పదకొండో రోజున వాడు పోయాడు.

మా అత్తను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. ఆమెకు ఆమె అత్త ఏం చెప్పిందో అదే నాకు చేసింది. ఆమె నాలుగు కాన్పుల్లో ఇద్దరు పోయారు. నేను చెప్పేది ఇంకొకటి. ఆ పదకొండు రోజుల్లో ఒకరోజు నర్సమ్మ మా వాడకు వచ్చింది. వాడ మొదట్లో వేపచెట్టు ఉండేది. ఆ చెట్టు కింద నిలబడి, ‘బాలింతలెవరన్నా ఉన్నారా’ అని కేకేసింది. మా ఆడబిడ్డ పోయి చెప్పింది. పేరు రాసుకుంది. బిడ్డ ఎట్టా ఉన్నాడంటే బాగున్నాడని మా ఆడబిడ్డే చెప్పింది. పిల్లకేం తెలుసు! చీటీ రాసి నర్సమ్మ వెళ్లిపోయింది. ఆ చెట్టుకీ మా గడపకీ నలభై అడుగులు లేదు.

ఆ నలభై అడుగులు ఆమె నడిచి ఉంటే నా బిడ్డ బతికేవాడని ఒట్టేసి చెప్పలేను. కాని లోపలికి వచ్చి నా రొమ్ము చూసి ఉంటే, పాలు లేకపోవడం కాదు, పాలు నిండి గడ్డకట్టినయ్యని ఆమెకు తెలిసేది. వేడిగుడ్డ కాపడం పెట్టి, కాస్త పాలు పిండి మెత్తబరిచి, బిడ్డను పట్టిస్తే పట్టేవాడేమో. ఈ ‘ఏమో’ ముప్పయ్యేళ్లుగా నా కడుపులో ఉంది.

ఇది నా ఒక్కదాని కథ అనుకుంటారేమో. ఘనశ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్, మరికొందరు కలిసి 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి అంటరానితనం మీద సర్వే చేశారు. 2006లో పుస్తకంగా వచ్చింది. దాన్నిబట్టి నూటికి 33 ఊళ్లలో ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్లకు రావడం లేదు. మూడు ఊళ్లకు ఒక ఊరు! హోటల్లో రెండు గ్లాసులు పెడితే మన కంటికి కనపడుతుంది, కొట్లాడతాం. గుళ్లోకి రానివ్వకపోతే కొట్లాడతాం. వేపచెట్టు దగ్గర ఆగిపోయిన నర్సమ్మ కాళ్లు మాత్రం మనకు అంటరానితనంగా కనపడలేదు. రిజిస్టరులో సంతకం ఉంది గనక పని అయినట్టే లెక్క.

ఇంకో సంగతి. మంత్రసాని పని ఎవరిది? దేశంలో ఎన్నో ఊళ్లలో అది మన ఆడవాళ్ల పనే. అగ్రకులాల ఇళ్లలో పురుడు పోసి, బొడ్డు కోసి, మైలగుడ్డలు ఉతికింది మన అవ్వలు. మైల ఎత్తడానికి మన చేతులు పనికొచ్చినయ్యి. మన బిడ్డను తూచడానికి వాళ్ల చేతులు ఎందుకు రావు?

ఇంటికి వచ్చి ఏం చెయ్యాలి

2006లో నేను ఆశా పనిలో చేరాను. బాలింత ఇంటికి పోయే పద్ధతి 2011లో దేశమంతా పెట్టారు. ఇది ఢిల్లీలో పుట్టింది కాదు. మహారాష్ట్రలో గడ్చిరోలి అనే అడవి జిల్లాలో అభయ్ బంగ్, రాణీ బంగ్ అనే డాక్టర్లు 39 గ్రామాల్లో ఊరి ఆడవాళ్లకే శిక్షణ ఇచ్చారు. కొద్దిగా చదువుకున్న ఆడవాళ్లు ఇంటింటికీ పోయి పసిబిడ్డను తూచి, వెచ్చగా చుట్టి, తల్లిపాలు పట్టించి, జబ్బు కనిపెట్టి మందిచ్చారు. మూడో ఏడు వచ్చేసరికి నెలలోపు బిడ్డల చావులు, ఆ పని జరగని పక్క ఊళ్లతో పోలిస్తే, నూటికి 62 వంతులు తగ్గినయ్యి. 1999లో ఆ లెక్కలు అచ్చయినయ్యి. పెద్ద ఆసుపత్రి కట్టలేదు, మిషన్లు పెట్టలేదు. గడప దాటారు, అంతే.

కాబట్టి ఈ లెక్క ఇయ్యాల అందరూ కంఠతా పట్టండి. ఆసుపత్రిలో కాన్పయితే ఇంటికి ఆరుసార్లు రావాలి: 3వ రోజు, 7, 14, 21, 28, 42. ఇంట్లోనే కాన్పయితే మొదటి రోజు కూడా, అంటే ఏడుసార్లు. ఇది దయ కాదు, మన హక్కు. వచ్చిన మనిషి చెయ్యి కడుక్కుని, బిడ్డ బట్టలు విప్పి, జ్వరం చూసి, త్రాసులో తూచాలి. తల్లి పాలిస్తుంటే పక్కన కూర్చుని కళ్లారా చూడాలి. బిడ్డను ముట్టుకోకుండా ఈ పని కాదు. అందుకే నేనంటాను, ఈ త్రాసే అంటరానితనానికి మందు.

ఇప్పుడు అందరూ ఆసుపత్రిలోనే కంటున్నారు, ఇంటికి రావడం ఎందుకని కొందరు అడుగుతున్నారు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. దేశంలో నూటికి 88 కాన్పులు పైగా ఆసుపత్రుల్లోనే అయినయ్యి. మరి పుట్టిన గంటలోపు తల్లిపాలు తాగిన బిడ్డలెందరు? నూటికి 42 మంది కూడా లేరు. ఆసుపత్రి గోడలు వచ్చినయ్యిగాని ముర్రుపాలు బిడ్డ నోటికి రాలేదు. మన ఆంధ్రలో నూటికి 42, తెలంగాణలో నూటికి 60 కాన్పులు కోతలే. కడుపు కోసిన తల్లి ఒక పక్క, బిడ్డ ఇంకో పక్క. ఎవరన్నా చెయ్యేసి సాయం పడితే కోత తల్లి కూడా మొదటి గంటలో పాలివ్వగలదు. సాయం చేసేవాళ్లు ఏరీ? ఆ లోటంతా మోసుకుని తల్లి వాడకు వస్తుంది.

ఈ మధ్య ఒకమ్మాయిని చూశాను. మొదటి కాన్పు, ఆపరేషను. ఏడో రోజు పోయాను. అత్త డబ్బా పాలు కలుపుతోంది. ‘దీనికి పాలు లేవమ్మా, నాలుగు రోజుల మిరపకోత కూలి పెట్టి డబ్బా తెచ్చా’ అంది. అమ్మాయి గోడవైపు తిరిగి ఏడుస్తోంది. నేను ఉపన్యాసం చెప్పలేదు. ‘పెద్దమ్మా, ముందు కాసిని టీ పెట్టు’ అన్నాను. కూర్చున్నాను. బిడ్డ లేచాక పట్టించమన్నాను. చనుమొన ఒక్కటే బిడ్డ నోట్లో ఉంది, అందుకే పుండయ్యింది, అందుకే పాలు దిగడం లేదు. కోత నొప్పి పుట్టకుండా అమ్మాయిని పక్కకు పడుకోబెట్టి, బిడ్డ పొట్ట తల్లి పొట్టకు ఆనేట్టు తిప్పాం. బిడ్డ నోరు బాగా తెరిచినప్పుడు దగ్గరికి లాక్కోమన్నాను. రొమ్ముమీద నల్లటి భాగం కూడా నోట్లోకి పోవాలి, గడ్డం రొమ్ముకు ఆనాలి, కింది పెదవి బయటికి తిరిగి ఉండాలి. మూడుసార్లు తప్పింది. నాలుగోసారి పట్టింది. గుటక వినపడింది. ఆ గుటక విని అత్తే, ‘ఓసి నీ దుంపతెగ, ఉన్నయ్యే పాలు!’ అంది. ముందు నవ్వింది, తర్వాత ఏడ్చింది. రెండు గంటలు పట్టింది. మర్నాడు మళ్లీ పోయాను, ఎల్లుండీ పోయాను. పద్నాలుగో రోజు తూస్తే బిడ్డ పుట్టిన తూకం దాటాడు.

దీన్నిబట్టి కొన్ని సంగతులు గుర్తుపెట్టుకోండి. ముర్రుపాలు చెడ్డపాలు కావు, బిడ్డకు అదే మొదటి టీకా. మొదటి రోజు బిడ్డ పొట్టలో పట్టేది ఒకటి రెండు చెంచాలే, ముర్రుపాలు అంతే వస్తాయి, అవి చాలు. చక్కెర నీళ్లు, తేనె, ఆముదం, గాడిద పాలు ఏమీ వద్దు. ఆరు నెలలదాకా మంచినీళ్లు కూడా వద్దు. పల్నాడు ఎండల్లో నీళ్లు లేకుండా ఎట్టా అంటారు. తల్లిపాలలో నూటికి 87 వంతులు నీళ్లే. దాహం వేస్తే ఇంకోసారి పట్టించండి. పగలూ రాత్రీ కలిపి ఎనిమిది నుంచి పన్నెండుసార్లు తాగాలి. ఎంత తాగితే అంత ఊరతాయి. పాలు చాలుతున్నాయా అనే దిగులుకు జవాబు పక్కగుడ్డలోనే ఉంది. వారం దాటిన బిడ్డ రోజుకు ఆరుసార్లు, ఆపైన ఒంటికి పోస్తుంటే పాలు చాలుతున్నట్టే. పథ్యం పేరుతో బాలింతను నీళ్లకు, పప్పుకు, పెరుక్కు మాడ్చొద్దు. దాహమైనన్ని నీళ్లు తాగనివ్వండి, ఇంట్లో ఉన్నవన్నీ తిననివ్వండి.

బిడ్డ పాలు పట్టకపోయినా, ఒళ్లు చల్లబడ్డా, కాలినా, డొక్కలెగరేసినా, అరిచేతులు అరికాళ్లు పసుపెక్కినా, ఫిట్స్ వచ్చినా ఒక్క పూట ఆగొద్దు, ఆసుపత్రికి తీసకపోండి. తల్లి రొమ్ము ఎర్రబడి జ్వరమొస్తే ఆమెనూ తీసకపోండి, పాలు మాత్రం ఆపొద్దు. ఒకమాట. ఎంత చేసినా పాలు చాలని తల్లులు కొందరుంటారు. నెల తక్కువ బిడ్డలు, బక్క బిడ్డలు ఉంటారు. డాక్టరు చెప్పింది వినాలి. ఆ తల్లిని ‘పాలివ్వలేని దానివి’ అని ఎత్తిపొడిచేవాళ్లు ఈ సంఘంలో ఉండకూడదు.

పాలను దోచుకుంటున్నదెవరు

ఇంతదాకా చెప్పింది సగమే. ఇది మాత్రమే చెప్పి ఇంటికి పోతే మనకూ ఆ సర్కారు పోస్టరుకూ తేడా లేదు. పోస్టరు మీద తెల్లటి చీరలో తల్లి కూర్చుని పాలిస్తా ఉంటది. మన తల్లికి కూర్చునే తీరికేదీ? రెండో నెలకే ముఠాలో మిరపకోతకు పోవాలి. ఆరింటికి ఆటో ఎక్కితే తిరిగొచ్చేసరికి సాయంత్రం. రొమ్ములు సలిపితే మిరప సాళ్ల మధ్య చాటుగా కూర్చుని నేలమీద పిండుకున్న తల్లులు ఈ హాల్లోనే ఉన్నారు. ఇంటికాడ బిడ్డ ఏడుస్తుంటది, ఇక్కడ పాలు మన్నులో పోతయ్యి. సాయంత్రం వచ్చి బిడ్డను ఎత్తుకుంటే చేతుల మంట బిడ్డకు అంటుకుని కేకలు పెడతాడు. (చేలో నుంచి వచ్చాక ముందు నూనె రాసి చేతులు రుద్దుకోండి, ఆ తర్వాత సబ్బు పెట్టండి, చీర మార్చండి, అప్పుడు ఎత్తుకోండి. వట్టి నీళ్లకు మిరప ఘాటు పోదు.)

ఈ లెక్క దొరలకు తెలియక కాదు. ఉద్యోగం చేసే ఆడవాళ్లకు 2017లో జీతంతో సెలవు 26 వారాలు చేశారు. 26 వారాలంటే ఎంత? ఆరు నెలలు. బిడ్డకు తల్లిపాలు తప్ప ఇంకేమీ వద్దన్న ఆ ఆరు నెలలే! అంటే సర్కారుకు లెక్క వచ్చు. మరి కూలితల్లి బిడ్డకు పొట్ట వేరేగా ఉంటదా? 2013 ఆహార భద్రతా చట్టం గర్భిణులకు, బాలింతలకు 6000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని రాసింది. 2017లో పథకం పెట్టేసరికి అది మొదటి కాన్పుకే, 5000 అయ్యింది. 2022 నుంచి రెండో కాన్పుకు ఆడపిల్ల పుడితే 6000 అన్నారు. ఆరు నెలల మీద పంచితే నెలకు వెయ్యి. ఏ తల్లి ఆ వెయ్యి చూసుకుని ఇంట్లో కూర్చుంటది? 2005 ఉపాధి హామీ చట్టంలో, పనిచోటికి ఆరేళ్లలోపు పిల్లలు ఐదుగురు వస్తే వాళ్లను చూసుకోవడానికి ఒక ఆడమనిషిని పెట్టి కూలి ఇవ్వాలని రాశారు. ఎన్ని చోట్ల పెట్టారో చేతులెత్తి చెప్పండి. చూశారా, ఒక్క చెయ్యీ లేవలేదు.

బాబాసాహెబ్ ఈ మాట ఎప్పుడో చెప్పాడు. 1928 జూలైలో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సాయం బిల్లు మీద మాట్లాడుతూ, కాన్పుకు ముందూ తర్వాతా తల్లికి విశ్రాంతి దొరకడం దేశానికే మేలని, ఆ ఖర్చు సర్కారు, పని చేయించుకునేవాళ్లు భరించాలని వాదించాడు. మరుసటేడు బొంబాయిలో చట్టం వచ్చింది. అది ఫ్యాక్టరీ ఆడవాళ్లకు. చేలో ఆడవాళ్ల వంతు వందేళ్లు కావస్తున్నా ఇంకా రాలేదు.

మన తల్లికి తీరిక లేనిచోట పాలడబ్బా వచ్చి కూర్చుంటది. పాలడబ్బాకు, పాలసీసాకు ప్రకటనలు ఇవ్వకూడదని, తల్లులకు ఉచితంగా పంచకూడదని, ఆరోగ్య సిబ్బందికి బహుమతులు ఇవ్వకూడదని 1992లో చట్టం చేశారు, 2003లో ఇంకా గట్టిచేశారు. ఎవరన్నా మీ చేతికి డబ్బా పెడితే సంఘానికి చెప్పండి. కూలికి పోక తప్పని తల్లి శుభ్రమైన గిన్నెలోకి పాలు పిండి మూతపెట్టి నీడన ఉంచి పోవచ్చు. మన ఎండల్లో నాలుగు గంటలు దాటనివ్వొద్దు. చెంచాతో తాగించండి. సీసా వద్దు, మూతి సందులో మురికి పోని ఉగ్గుగిన్నే వద్దు.

మనం చెయ్యాల్సింది

సర్కారును అడగడం ఒకటి, మనం చేసుకునేది ఒకటి. రెండూ కావాలి.

ఒకటి. ఈ కమ్యూనిటీ హాలు గోడమీద ప్రతి బాలింత పేరు, దాని పక్కన ఆరు గడులు. వచ్చిన మనిషి లోపలికొచ్చి బిడ్డను తూస్తేనే గడిలో టిక్కు పడాలి. చెట్టు కింద నిలబడి పోతే గడి ఖాళీ. ఖాళీ గడులతోటే పోయి ఆరోగ్య కేంద్రం ముందు కూర్చుందాం. నా గడి ఖాళీగా ఉంటే నన్నూ అడగండి. 2011లో ఈ ఆరు రాకలకూ కలిపి 250 రూపాయలు కట్టారు మాకు. ఆ కూలి చాలదని మేం కొట్లాడతాం, మీరు మాకు తోడు రండి. కాని కూలి తక్కువని బాలింత గడప ఎగ్గొట్టడం తప్పే.

రెండు. 42 రోజులు బాలింతకు నీళ్లు మొయ్యడం, వంట, పెద్దపిల్లవాణ్ణి చూసుకోవడం వంతులవారీగా పంచుకుందాం. వెనక నిలబడ్డ అన్నలారా, ఈ వంతుల్లో మీ పేర్లు కూడా రాస్తున్నాం. అంబేద్కర్ బొమ్మకు దండ వేసిన చేత్తో ఒక బిందె నీళ్లు తేలేరా?

మూడు. ముఠా మేస్త్రులతో కూర్చుని మాట్లాడదాం. పాలిచ్చే తల్లికి మధ్యాహ్నం ఇంటికొచ్చి పోయే వీలు, లేదా చేని గట్టున నీడ, బిడ్డను పట్టుకునే మనిషి, ఆ మనిషికి కూలి. కోతల మొదట్లోనే అడగాలి. మిరప పండిపోతా ఉన్నప్పుడు వాళ్లు మన మాట వింటారు.

నాలుగు. ఇది చేదు మాట, వినాలి. మాల ఆశా మాదిగ ఇంట్లో మంచినీళ్లు తాగకపోతే, మనం యానాది గూడెం పొలిమేర దాకా పోయి కేకేసి వస్తే, వేపచెట్టు కింద నర్సమ్మకూ మనకూ తేడా ఏంది? కర్నూలు పడమటి మండలాల నుంచి మన చేలకు వలసొచ్చి గుడిసెలు వేసుకుంటున్నారు. అక్కడ పచ్చి బాలింతలుంటారు. వాళ్ల పేరు అక్కడి రిజిస్టరులో కొట్టేస్తారు, ఇక్కడి రిజిస్టరులో ఎక్కదు. ఈ సాయంత్రమే ఆ గుడిసెలకు పోదాం. వాళ్ల పేర్లు కూడా మన గోడమీదికి ఎక్కాలి.

అమ్మా, మాట ముగిస్తాను. వేపచెట్టు ఇప్పుడు లేదు. రోడ్డు వేసేటప్పుడు కొట్టేశారు. కాని అక్కడికి రాగానే నా కాళ్లు ఇప్పటికీ ఒక క్షణం ఆగుతాయి. ఆగి, మళ్లీ నడుస్తాను. నా బిడ్డకు పేరు పెట్టకముందే పోయాడు. గోడమీద మనం రాసే ప్రతి పేరు పక్కన ఆరు గడులూ నిండినప్పుడు వాడికి కూడా ఒక పేరు పెట్టినట్టే అనుకుంటాను.

రేపు పొద్దున సుద్దముక్క పట్టుకుని వస్తాను. ఎవరింట్లో బాలింత ఉందో చెప్పండి.

జై భీమ్. జై సావిత్రి.